ఒక్క ‘ఆ’, రెండు షాకబ్జర్లు

తంగళ్ళపల్లి రోడ్డు మీద ఒక బట్టల మూట తనంతట తానే సిరిసిల్ల వైపు పోతూ కనిపిస్తే కొత్తవాళ్లు ఆగి చూసేవారు. ఊరివాళ్లు తల కూడా తిప్పేవారు కాదు. మూట ముందర హరిప్రసాద్ ఉంటాడనీ, మూట కింద ఒక మోటారుసైకిల్ ఉంటుందనీ వాళ్లకు తెలుసు.

హరిప్రసాద్‌కు ఇంటి వెనుక రేకుల షెడ్డులో నాలుగు సాంచాలు ఉన్నాయి. మరమగ్గాన్ని ఆ ప్రాంతంలో సాంచ అంటారు. సేటు ఇచ్చిన నూలుతో బట్ట నేసి, తాన్లు మడతపెట్టి, మూట కట్టి, మానేరు వంతెన దాటి సిరిసిల్లలో సేటు గోదాములో దింపి రావడం అతని పని. బండి పాతది, చిన్నది. పెళ్లికి ముందు, ఒంటరి మనిషి సినిమాకు పోయి రావడానికి కొన్నది. మూట ఎక్కగానే అది నడుము వంచేసేది. వెనక మడ్‌గార్డు టైరును రాసుకుని కూతపెట్టేది. ఆ కూతకు దారి పక్కన మేసే బర్రెలు చేపి, పాలు వాటంతట అవే కారిపోయేవని పొరుగింటి బుచ్చయ్య చెప్పేవాడు. బుచ్చయ్య మాటల్లో సగం కొట్టేసినా ఒకటి రెండు బర్రెలు మిగులుతాయి.

మూట దిగాక అదే బండి మీద అతని తల్లి కొమురవ్వ ఎక్కేది. పెళ్లికి ముందు నుంచీ చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చుట్టీ చుట్టీ ఆమె వెన్ను ప్రశ్నార్థకంలా వంగింది. జగిత్యాలలో ఎముకల డాక్టరు ఒకాయన మంచివాడని కోరుట్లలో కాపురమున్న కూతురు పద్మజ కనిపెట్టింది. అప్పటి నుంచి కొడుకు వెనకాల కూర్చుని కోరుట్ల పోవడం, కూతురింట్లో ఉండి, వీలు చూసుకుని జగిత్యాల పోయి చూపించుకోవడం, మళ్లీ కొడుకు వెనకాలే రావడం కొమురవ్వకు పండుగలా అయింది. బస్సెక్కమంటే ఎక్కేది కాదు.

“బస్సు నడిపెటోడు ఎవల కొడుకో ఏమో. బండి నడిపెటోడు నా కొడుకు” అనేది.

ఒకసారి అలా తల్లిని కోరుట్లలో దింపి, హరిప్రసాద్ బస్టాండు వెనక సంజీవ్ షెడ్డుకు పోయాడు. సంజీవ్ బండ్లు బాగు చేస్తాడు. ఒక బండి ప్రాణం తీసి ఇంకో బండికి పోయడంలో అతనికి పేరుంది. ఆ రోజు అతని దగ్గర గుద్దుకుని నుజ్జయిన ఒక పెద్ద బండి ఉంది. దానిలో చెడకుండా మిగిలినవి వెనక షాకబ్జర్లు. లావు స్ప్రింగులు, ఎర్ర రంగు, చూస్తే కోడిపుంజు తొడల్లా ఉన్నాయి.

“నీ మూటలు వీటికి దూదిపింజలే, హరీ” అన్నాడు సంజీవ్.

“నా బండికి పడ్తయా?”

“పడయి. పడేటట్టు చేస్త.”

చేశాడు. అవి పాతవాటి కన్నా బొటనవేలంత పొడుగు. బోల్టు దూరే కింది కన్ను పెద్దది, బండి బోల్టు సన్నది. కన్నులోకి ఒక ఇనుప బుష్షు దిగగొట్టి, అటూ ఇటూ వాషర్లు వేసి బిగించాడు. గొలుసు మళ్లీ సరిచేశాడు. చివరికి బండి వెనక భాగం పైకి లేచి, దండెం మీది బట్టలు అందుకుంటున్న మనిషిలా నిలబడింది. నడిమి స్టాండు వేస్తే వెనక చక్రం నేలను వదలడం లేదు. పక్క స్టాండు వేస్తే బండి పడబోతున్నంత ఒరుగుతోంది. ఆ తర్వాత హరిప్రసాద్ అరిగిపోయిన నాడె ఒకటి జేబులో పెట్టుకు తిరిగేవాడు. సాంచలో అటూ ఇటూ పరుగెత్తి పరుగెత్తి రిటైరైన ఆ కొయ్యముక్క, ఇప్పుడు స్టాండు కింద పీటగా కొత్త ఉద్యోగం చేసేది.

హరిప్రసాద్ సీటు మీద రెండు చేతులూ ఆనించి బలంగా నొక్కాడు. కదల్లేదు.

“గట్ల కదలదు” అన్నాడు సంజీవ్. “ఒక్క మాట యాదికుంచుకో. బరువుంటెనే మెత్తగుంటది. ఒంటిగ పోతే తంతది. స్ప్రింగు తిప్పి అడుగు మెట్టు మీదనే పెట్టిన, ఇంతకన్న మెత్తగ కాదు.”

“ఒంటిగ ఎవడు పోతడు?” అని హరిప్రసాద్ నవ్వాడు.

ఆ నవ్విన క్షణంలో అతని తలలో సేటు ఉన్నాడు, మూటలున్నాయి, వంతెన మీది గుంతలున్నాయి. తల్లి లేదు. అసలు తప్పు అదే. తర్వాత జరిగినవన్నీ దానికి పుట్టిన పిల్లలు. పాత షాకబ్జర్లు అక్కడే సంజీవ్ దగ్గర పడేసి, అతను ఈల వేసుకుంటూ చెల్లెలింటికి పోయాడు.

పద్మజ వాకిట్లోనే ఉంది. ఎర్ర స్ప్రింగులు చూసి చేతిలో చీపురు వదిలేసింది.

“అవ్వా! ఇగో, బయటికి రా. అన్న నీ నడుము కోసం బండికి కొత్త షాకులు ఏయించిండు!” అని కేక పెట్టి, “నీకోసమే గదన్నా?” అని అతని వైపు తిరిగింది.

కొమురవ్వ గడప దగ్గర నిలబడింది. ఆమె ముఖం చూస్తే, ఎవరో ఆమె పేరు మైకులో పిలిచినట్టుంది.

“ఆ” అన్నాడు హరిప్రసాద్.

తెలుగులో అది రెండో అక్షరం. బడిలో దాన్ని దిద్దడానికి అతనికి చాలా రోజులు పట్టింది. అనడానికి మాత్రం రెప్పపాటు కూడా పట్టలేదు.

*

తిరుగు ప్రయాణంలోనే బండి తన గుణం చూపించింది. కొమురవ్వ బరువెంత? గట్టి గాలి వస్తే కొంగు పట్టుకుని ఆపాల్సిన మనిషి. ఆమె కూర్చున్న సంగతి ఆ షాకబ్జర్లకు తెలియనే లేదు. గుంత వస్తే బండి గుంతలో పడేది, కొమురవ్వ కాసేపాగి పడేది. రుద్రంగి దగ్గర స్పీడుబ్రేకరు మీద అయితే, వెనక ఎవరూ లేనట్టు బండి తేలికైపోయింది. తల్లి అటు నుంచి అటే దేవుడి దగ్గరికి పోయిందేమో అనుకున్నాడు హరిప్రసాద్. అంతలో ధబ్బుమని బరువు తిరిగొచ్చింది. దాంతోపాటే ఒక మాట వచ్చింది.

“మంచిగున్నది, కొడుకా.”

భుజం మీద ఆమె వేళ్లు మాత్రం గద్ద కాళ్లలా దిగబడి ఉన్నాయి.

ఇంటికి చేరాక కొమురవ్వ మంచం మీద బోర్లా పడుకుని కోడలు లీల చేత నడుముకు మందు రాయించుకుంది. హరిప్రసాద్ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

“బగ్గ నొస్తాందా, అవ్వా?”

“నొయ్యదా మరి? పాత నడుమాయె” అంది ఆమె దిండులోకి. “గింత మెత్తటి బండి మీదనే గిట్ల నొస్తాంది. పాత షాకుల మీదైతే ఇయ్యాల నా పానమే పోతుండె. నువ్వు బతికిచ్చినవ్ కొడుకా.”

ఆ మాటకు బదులు ఆమె చెప్పు తీసుకుని కొట్టి ఉంటే అతను హాయిగా అన్నం తినేవాడు.

వెంటనే పోయి పాత షాకబ్జర్లు మళ్లీ వేయించుకుంటే సరిపోయేది కదా అని ఎవరైనా అనవచ్చు. హరిప్రసాదూ అనుకున్నాడు. కాని తీస్తే, ఎందుకు తీశావని తల్లి అడుగుతుంది. నాకోసం వేయించినవి నన్ను అడగకుండా ఎందుకు తీశావంటుంది. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆ ‘ఆ’ను వెనక్కి తీసుకోవాలి. పైగా మూట ఎక్కినప్పుడు బండి వెన్న మీద పోయినట్టు పోతోంది. టైరు కూత ఆగిపోయింది. ఒక మనిషి తప్పు చేసి, ఆ తప్పు వల్ల లాభం కూడా పొందుతుంటే, అతనికి అన్నం ఆగదు, నిద్రా ఆగదు. తిని పడుకోవడమే, సిగ్గుతో.

ఇక వాకిట్లో, బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్య, ఆ షాకబ్జర్లు పెరగడం మొదలుపెట్టాయి. మొదట అవి పెద్ద బండివి. తునికాకు మెత్తబడేసరికి అవి కారువయ్యాయి. ఆకు కత్తిరించడం పూర్తయ్యేసరికి విమానం చక్రాల దగ్గర ఉండేవి అయ్యాయి. దిగేటప్పుడు విమానం కుదుపు తెలియకుండా ఉండాలి కదా, అందుకు. ఎదురింటి సత్యవ్వ ఒకరోజు కొడుకును పిలిచి మరీ బండి చూపించింది.

“చూడురా చూడు. తల్లి నడుము నొస్తాందంటే విమానం షాకులు తెచ్చిండు. నీకు నా మోకాళ్లు యాదికున్నయారా?”

హరిప్రసాద్ షెడ్డులో సాంచ వెనక దాక్కున్నాడు. ఆ చప్పుడులో ఏదీ వినపడదు. అయినా వినపడింది.

విమానం సంగతి నమ్మినవాళ్లలో బుచ్చయ్య మొదటివాడు. ఇతరులకు కథలు చెప్పేవాళ్లు ఇతరుల కథలు తొందరగా నమ్ముతారు. ఆయనకు ఆ మధ్యే, కూర్చునే చోట, పైకి చెప్పుకోలేని ఆపరేషన్ అయింది. కట్టు మార్పించుకోవడానికి సిరిసిల్ల పోవాలి. ఆటో ఎక్కనని, కొమురవ్వ బండి మీదే పోతానని పట్టుబట్టాడు. హరిప్రసాద్ పెట్రోలు లేదన్నాడు. ఉంది. బ్రేకు బాగాలేదన్నాడు. బుచ్చయ్య తొక్కి చూసి బాగుందన్నాడు.

వంతెన ఎక్కేదాకా బుచ్చయ్య విమానాల గురించి మాట్లాడాడు. వంతెన మీద ఏమీ మాట్లాడలేదు. వంతెన దిగాక హరిప్రసాద్ వెనక్కి తిరిగి చూస్తే, ఆయన సీటు మీద కూర్చుని లేడు. రెండు ఫుట్‌రెస్టుల మీద నిటారుగా నిలబడి, రథం మీద రాజులా ఊళ్లోకి వస్తున్నాడు. ఆసుపత్రి ముందు దిగి, కాళ్లు దూరం దూరంగా వేస్తూ వచ్చి, అతని చెవిలో అన్నాడు.

“నిజం చెప్పు హరీ. గియ్యి మీ అవ్వ కోసం ఏయించినవా, మీ అవ్వ మీద పగతోని ఏయించినవా?”

హరిప్రసాద్ తల దించుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు.

“ఊళ్లె నేను చెప్ప” అన్నాడు బుచ్చయ్య. “నాకు అబద్ధాలే అస్తయి, గిసోంటి నిజాలు రావు. నువ్వే చెప్పాలె. ముసల్దాని ఎముకలు లెక్కకు ఉండంగనే చెప్పు.”

చెప్పలేదు. చెబుదామనుకునే తల్లిని తీసుకుని జగిత్యాల డాక్టరు దగ్గరికి బయలుదేరాడు. అక్కడ డాక్టరు ఎక్స్‌రే ఫొటో దీపానికి ఎదురుగా పెట్టి చూసి, “కుదుపులు ఎక్కువగా తగులుతున్నాయమ్మా. బండి మీద తిరుగుతున్నారా?” అని అడిగాడు.

“తిరుగుత గని, మాది మెత్తటి బండి సారూ” అంది కొమురవ్వ, కొంగు సర్దుకుని. “నా కొడుకు నాకోసం పెద్ద షాకులు ఏయించిండు.”

డాక్టరు కళ్లజోడు పైకి తోసుకుని హరిప్రసాద్‌ను మెచ్చుకోలుగా చూశాడు. “ఈ రోజుల్లో తల్లి కోసం ఇంత ఆలోచించే కొడుకులు ఎక్కడున్నారు?” అన్నాడు. హరిప్రసాద్ గోడకున్న ఎముకల బొమ్మను చూస్తూ నిలబడ్డాడు. ఆ అస్థిపంజరం నవ్వుతూనే ఉంది.

*

మెత్తటి దారి అతనికి అనుకోకుండా దొరికింది. ఒకసారి కోరుట్ల పోయేటప్పుడు, పద్మజ ఆడబిడ్డ పెళ్లికని పెద్ద మూట బట్ట తీసుకుపోవాల్సి వచ్చింది. తల్లి వెనకాల క్యారియరు మీద మూట కట్టాడు. కొమురవ్వ దానికి ఆనుకుని కూర్చుంది. ఆ రోజు బండి తన్నలేదు. గుంతల మీద ఊయల ఊగినట్టు ఊగింది. కథలాపూర్ దాటాక ఆమె తల అతని వీపు మీద వాలింది. నిద్రపోయింది.

“ఇయ్యాల నడుమున్నట్టే తెల్వలే” అంది కోరుట్లలో దిగి.

బరువుంటెనే మెత్తగుంటది. సంజీవ్ అన్న మాట హరిప్రసాద్ చెవిలో మోగింది. తప్పు ఒప్పుకోకుండా తప్పు దిద్దుకునే దారి కనపడితే మనిషి ఎంత సంబరపడతాడో, ఆ పూట అతను అంత సంబరపడ్డాడు.

అయితే ప్రతిసారీ కోరుట్లకు పంపడానికి మూటెడు బట్ట ఎక్కడిది? సేటు బట్ట సేటుకు పోవాలి. షెడ్డు గోడకు సిమెంటు పూయించినప్పుడు మిగిలిన ఇసుక పెరట్లో ఉంది. సంచిలో నింపి, మూతి కుట్టి, పైన తెల్లబట్ట చుట్టి, నాలుగు మూలలూ ముడివేస్తే అచ్చం బట్టల మూటే. లీల చూసి ఏమిటిదంటే, “నువ్వు చూడలే” అన్నాడు. ఆమె చూడనట్టే లోపలికి పోయింది.

“ఏందిది కొడుకా?” అని తల్లి అడిగింది.

“బట్ట. కోరుట్లల ఒక దుకాణపాయన చూపెట్టుమన్నడు.”

పోయేటప్పుడు మూట ఉండాలి. వచ్చేటప్పుడూ ఉండాలి. లేకపోతే తల్లి నడుము దారిలోనే విరుగుతుంది. కాబట్టి కోరుట్లలో అతను మూటతో సహా ఊరంతా ఒక చుట్టు తిరిగి, మళ్లీ చెల్లెలింటికి వచ్చేవాడు.

“తీసుకోలేదారా?”

“రంగు నచ్చలేదట అవ్వా.”

ఇంకోసారి వెడల్పు నచ్చలేదు. మరోసారి దుకాణపాయన ఊళ్లో లేడు. హరిప్రసాద్‌కు తన తెలివి మీద తనకే ముచ్చటేసింది. తల్లి సంగతి మాత్రం పట్టించుకోలేదు. వెనక కూర్చున్న కొమురవ్వ నడుము నొప్పి మరిచిపోయి, గుండె నొప్పి తెచ్చుకుంది. నా కొడుకు నేసిన బట్ట పోతాంది, అస్తాంది, ఎవ్వలు కొంటలేరు. సాంచాలు మూతపడ్తయో ఏమో. ఆమె పొద్దున టీ మానేసింది. తన బీడీల మీద వచ్చినదంతా లీల చేతిలో పెట్టడం మొదలుపెట్టింది. చివరికి ఒకసారి వేములవాడ దాటుతుంటే, గుడి వైపు రెండు చేతులూ ఎత్తింది.

“రాజన్నా, గీ మూట అమ్ముడుపోనియ్యి. నీకు కోడె కట్టిస్త” అని పైకే మొక్కింది.

అక్కడ కోడెమొక్కు ఆషామాషీ మొక్కు కాదు. కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేయాలి. ఇసుక అమ్ముడుపోవాలని దేవుడికి కోడెను మొక్కిన తల్లి ఆ జిల్లాలో మరొకరు లేరు.  ఇంటికి పోగానే చెప్పేయాలి అనుకున్నాడు హరిప్రసాద్. ఇంటికి పోయాక, వచ్చేవారం చెబుదామనుకున్నాడు.

*

వచ్చేవారం రానే వచ్చింది. కోరుట్ల నుంచి తిరిగి వస్తూ, మధ్యాహ్నం ఎండలో, వేములవాడ వాగు వంతెన దగ్గర పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన చూపు బండి మీద లేదు. బండి వెనక రోడ్డు మీద ఉంది. మూట కుట్టు ఎక్కడో ఊడింది. సన్నటి ఇసుక ధార, బియ్యప్పిండితో ముగ్గు గీత గీసినట్టు, కనుచూపు మేర తిన్నగా వచ్చి వాళ్ల బండి దగ్గర ఆగింది.

హరిప్రసాద్ జేబులో నుంచి నాడె తీసి స్టాండు కింద పెట్టాడు. అది రెండుసార్లు జారింది.

“మూటల ఏముంది?”

అతను నోరు తెరిచేలోపే కొమురవ్వ బండి దిగింది. “బట్ట సారూ. నా కొడుకు నేసిన బట్ట. ఎన్నిసార్లు కోరుట్ల మోసినా ఒక్క గజం అమ్ముడువోలే. మీకు గావాల్నా? మంచి బట్ట. లుంగీలు కుట్టిచ్చుకోరి.”

పోలీసాయన ముడి విప్పి, చెయ్యి లోపల పెట్టి, గుప్పిట బయటికి తీశాడు. వేళ్ల సందుల్లోంచి ఇసుక జారింది. కొమురవ్వ ఆ జారే ఇసుకను చూసింది. తర్వాత తానూ చెయ్యి పెట్టి చూసింది, అడుగున ఎక్కడైనా బట్ట ఉంటుందేమోనని. ఆ ముసలి చెయ్యి ఇసుకలో వెతుకుతుంటే చూడలేక హరిప్రసాద్ ముఖం తిప్పుకున్నాడు.

పోలీసాయన ఈలోగా వంగి బండి వెనక భాగం చూశాడు. “ఓహో! పెద్ద బండి షాకులు. లోడు కొట్టెటందుకు తయారు చేయించినవ్ అన్నట్టు. ఎన్ని దినాల సంది నడుస్తుంది గీ ఇసుక దందా?”

“సారూ!” కొమురవ్వ గొంతు లేచింది. చెయ్యి ఇంకా ఇసుకలోనే ఉంది. “గా ఇసుక సంగతి నాకు ఎర్క లేదు. వాడు చెప్తడు. షాకుల జోలికి మాత్రం రాకురి. గవి నా నడుము కోసం ఏయించిండు. ఊరంత ఎర్క. జగిత్యాల డాక్టరుకు గూడ ఎర్క.”

పోలీసాయన హరిప్రసాద్ వైపు తిరిగాడు. “అవునా? మీ అవ్వ కోసమేనా?”

ఒక్క ‘ఆ’ చాలు. పోలీసాయన ముఖం అప్పటికే సగం మెత్తబడింది. ఆ ముసలామెను చూసి వదిలేయడానికి సిద్ధంగా ఉన్నాడు. ‘ఆ’ అంటే ఇసుకకు ఏదో ఒక కారణం అల్లుకోవచ్చు. తల్లి అడిగేవాటికీ దారి పొడుగునా జవాబులు అల్లుకోవచ్చు. నేతవాడికి అల్లడం ఎంతసేపు? హరిప్రసాద్ తల్లి మోచేతి దాకా అంటిన ఇసుకను చూశాడు.

“కాదు సార్” అన్నాడు.

అన్నాక ఇక ఆగలేదు. “మూటల కోసం ఏయించిన. అప్పుడు అవ్వ నాకు యాదికే రాలే. చెల్లె అడిగితే ఆ అన్న. బరువు లేకుంటే బండి తంతది సార్. అవ్వ నడుము కరాబైతాందని, బరువు కోసం ఇసుక పెట్టిన. నా ఇంటి ఇసుకనే. ఇంటికెళ్లి కోరుట్ల తీస్కపోయి మళ్ల ఇంటికే తెస్తున్న.”

పోలీసాయన చేతికంటిన ఇసుక దులుపుకున్నాడు. “ఇసుకను ఎత్తుకపోయెటోళ్లను మస్తు మందిని చూసిన. ఇసుకను చుట్టాలింటికి తీస్కపోయి మళ్ల ఇంటికి తోల్కచ్చెటోన్ని నిన్నే చూస్తున్న” అన్నాడు. నవ్వు రాబోయి, కొమురవ్వను చూసి ఆగింది. “గీడ కుమ్మరిచ్చి పో. రోడ్డు మీద కారి బండ్లు జారుతయి.”

హరిప్రసాద్ ఇసుకను దారి పక్కన పోశాడు. కొమురవ్వ తెల్లబట్టను దులిపి, మూలకు మూల కలిపి, మడత పెట్టి, ఒళ్లో పెట్టుకుని బండెక్కింది.  కొంత దూరం పోయాక గుడి గోపురం కనపడింది.

“కోడె మొక్కిన గదరా” అంది.

అతను గోపురం వైపు ఒకసారి చూశాడు.

“దేవునికి ఏమని చెప్పాలె? ఇసుక అమ్ముడువోలే అని చెప్పాల్నా?”

“నేను కడ్త అవ్వా కోడె. మొక్కు నాది.”

“కట్టుమరి. మూటైతే పోయింది గదా. ఎట్ల పోయిందని రాజన్న అడుగడు.”

అప్పుడొచ్చింది స్పీడుబ్రేకరు. బరువు లేని బండి గుర్రంలా తన్నింది. ఇన్నాళ్లూ పళ్లు బిగబట్టుకుని మంచిగున్నదన్న కొమురవ్వ, రోడ్డు మీదివాళ్లంతా తిరిగి చూసేలా అరిచింది. “అయ్యో, నా నడుమో!”

“ఆపాల్నా అవ్వా?”

“ఆపకు! గిన్ని దినాలు నీ మొకం చూసి అరువలే. ఇయ్యాల అరువనియ్యి!”

సిరిసిల్ల దాకా ఆమె ప్రతి గుంతకూ అరిచింది. ఏ గుంతకు ఏ తిట్టు తగుతుందో అది తిట్టింది. అతను నత్త కన్నా నెమ్మదిగా నడిపాడు. దారిలో ఒక ఎడ్లబండి వాళ్లను దాటిపోయిందని తర్వాత బుచ్చయ్య చెప్పాడు. అది సగం కొట్టేయాల్సిన మాట కాదు.

*

మరునాడు పొద్దున హరిప్రసాద్ షెడ్డులో తెగిన పోగులు అతుకుతున్నాడు. సాంచాలు ఇంకా మొదలుపెట్టలేదు. వాకిట్లో ఆకు కత్తిరించే చప్పుడు, ఆడవాళ్ల మాటలు స్పష్టంగా వినపడుతున్నాయి.

“అక్కా” అంది సత్యవ్వ గొంతు. “నిన్న వేములవాడ కాడ మిమ్ముల పోలీసాయన ఆపిండట. మా పిల్లగాడు పక్కనే ఆగిన బస్సుల కెళ్లి చూసిండు, ఇన్నడు. హరి ఏందో, షాకులు నీకోసం కాదని చెప్పిండట గదా? ఊకెనే అంటున్నరా? నీకోసమే గదా ఏయించింది?”

కత్తెర చప్పుడు ఆగింది. హరిప్రసాద్ చేతిలో పోగు కొసలు అలాగే ఉండిపోయాయి. చెప్పనీ, అనుకున్నాడు. ఊరందరి ముందూ చెప్పనీ. అలా చెప్తే తను తలెత్తుకోలేడు. అయినా ఆ భారం కొంచెం దిగుతుంది.

“ఆ” అంది కొమురవ్వ.

తర్వాత ఇంకొంచెం గట్టిగా, షెడ్డు వైపు తిరిగి అన్నట్టుగా అంది. “నాకోసమే ఏయించిండు. ఇయ్యాల తీపిస్తడు గూడ.”

“అయ్యో, ఎందుకే?”

“మరీ మెత్తగైనయి సత్తెవ్వా. ఎక్కంగనే నిద్రస్తాంది. ఎన్నడో ఒకనాడు జారి కింద పడ్త.”

ఆడవాళ్లంతా నిజమే నిజమే అన్నారు. విమానంలో కూడా అందుకే బెల్టు పెడతారని ఒకామె అంది. కత్తెరలు మళ్లీ మొదలయ్యాయి.

హరిప్రసాద్ పోగు ముడి వేయబోయాడు. పడలేదు. అతని తల్లికి చదువు రాదు. సంతకం పెట్టాల్సిన చోట వేలిముద్ర వేసేది. ఆమె ఏనాడూ పలక పట్టలేదు. ఈ వయసులో ఆమె చేత ఒక అక్షరం దిద్దించినవాడు తనే. అదీ ఆ అక్షరం.

ఆ పూట సాంచాలు నడవలేదు. అతను పోగులు వదిలేసి బయటికొచ్చాడు, ఎవరి వైపూ చూడకుండా స్టాండు కింది నాడె తీసి జేబులో వేసుకున్నాడు, బండి ఎక్కాడు. పాత షాకబ్జర్లు సంజీవ్ దగ్గర ఇంకా ఉన్నాయో లేవో తెలియదు. మూట లేదు, ఇసుక లేదు, వెనక మనిషి లేదు. కోరుట్ల దాకా బండి ప్రతి గుంతలోనూ తన్నింది. అతను ఎక్కడా నెమ్మది చేయలేదు.